సోలాపూర్ మకాం తీసేయకండి

మొన్న ఆదివారం కాచిగూడలో మా భజన మండలి మీటింగు జరిగింది. తొలి ఏకాదశికి విఠలుడి దర్శనానికి సోలాపూర్ మీదుగా కాలినడకన పండరి వెళ్లే యాత్ర గురించే. వ్యాను కిరాయి, టార్పాలిన్లు, ఎవరెవరు వస్తున్నారు, ఎవరింట్లో పెళ్లిళ్లున్నాయి, ఈ లెక్కలన్నీ అయ్యాక ఒక తమ్ముడు ఫోన్లో షెడ్యూలు తెరిచాడు. సాఫ్ట్‌వేర్‌లో పని, హుషారైన పిల్లాడు, నడకలో ఎప్పుడూ ముందే ఉంటాడు. "అక్కా, సోలాపూర్‌ల ఒక రోజు ఊకె కూసుంటున్నం గద. అది తీసేస్తె అందరికి ఒక లీవు మిగులుతది" అన్నాడు. చాలామంది తలలూపారు. మండలి పెద్దను మేం మహరాజ్ అంటాం. ఆయన "ఆలోచిద్దాం" అన్నారు. ఆయన ఆలోచిద్దాం అన్నారంటే సగం ఒప్పుకున్నట్టే.

అక్కడ నేను పెద్దగా మాట్లాడలేదు. కందిపప్పు లెక్కల మధ్య అంత పొడుగు మాట ఎవరు వింటారు? అందుకే ఇక్కడ రాస్తున్నాను. సోలాపూర్‌లో ఆ ఒక్క రోజు ఉండాలి. బయలుదేరకముందే కాగితం మీద ఉండాలి. "అవసరమైతే ఆగుదాంలే" అనే మధ్యేమార్గానికి కూడా నేను ఒప్పుకోను. ఆగాల్సిన అవసరం ఎవరికి అందరికంటే ఎక్కువో, వాళ్లు నోరు తెరిచి అడగరు. నా వాదన మొత్తం ఇంతే, కానీ దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటల్లోనూ చాలా నిజం ఉంది. అందుకే ఇంత పొడుగు.

చీకటితో లేచి, చీకటితో పడుకుని

పటాన్‌చెరు దాటేదాకా అది యాత్రలా ఉండదు. హారన్లు, ఫ్లైఓవర్లు, "ఎటు పోతున్నరమ్మా?" అని అడిగే ఆటోవాళ్లు. సంగారెడ్డి, సదాశివపేట దాటాక రోడ్డు మన చేతికి వస్తుంది. జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్, ఆ తర్వాత సోలాపూర్. మూడు వందల కిలోమీటర్ల పైమాట. ఒళ్లు మొదటి మూడు రోజులు గోల చేస్తుంది. ఆ తర్వాత ఊరుకుంటుంది. అలవాటు పడిందని అందరూ సంతోషిస్తారు. నాకు మాత్రం అప్పటి నుంచే భయం మొదలవుతుంది.

తెల్లవారుజామున మూడున్నరకు లేస్తాం. ఎండ ముదిరేలోపు ఆ రోజు దూరంలో పెద్ద భాగం అయిపోవాలి. మధ్యాహ్నం ఏ బడి వరండాలోనో నడుం వాలుస్తాం, ఎవరి నిద్ర వాళ్లది. సాయంత్రం మళ్లీ నడక. మకాం చేరేసరికి దీపాలు పెట్టే వేళ. హరిపాఠం భజన, భోజనం, పడక. ఇన్ని రోజుల్లో ఒకరి పాదం ఇంకొకరు వెలుతురులో చూసే సందర్భమే రాదు. సాక్సులు కూడా చీకట్లో విప్పి చీకట్లో తొడుక్కుంటాం.

మాలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అందరికీ కాకా. షుగరుంది, మందులు వేసుకుంటారు, నడకలో మాత్రం నాకంటే నయం. ఒక ఏడు సోలాపూర్ మకాంలో, పొద్దున తొమ్మిదింటికి, అందరం నల్లా దగ్గర బట్టలు ఉతుక్కుంటున్నాం. కాకా మెట్టు మీద కూర్చుని సాక్సు లాగుతున్నారు, రావడం లేదు. పక్కనున్న పిల్లాడు వంగి చూసి, "కాకా, ఇది అతుక్కుంది" అన్నాడు. నీళ్లు పోసి నానబెట్టి తీస్తే మడమ కింద గట్టిపడిన తోలు చీలి ఉంది. లోపల రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ తెల్లగా నాని ఉంది. వాసన కూడా వస్తోంది. "ఎన్ని రోజుల నుంచి కాకా ఇది?" అంటే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నొప్పి లేదు బిడ్డా, ఏం లేదు" అన్నారు.

అబద్ధం చెప్పలేదాయన. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే డాక్టరు చెప్పింది అదే: ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకు పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. పుండు పెద్దదైనా నొప్పి తెలియదు. నొప్పి లేదంటే పుండు లేదని కాదు. శుభ్రం చేసి, కట్టు కట్టి, ఇక నడవొద్దన్నారు. కాకా మిగతా దూరం వ్యానులో వచ్చారు, ముఖదర్శనం చేసుకున్నారు, కాలు నిలబడింది. ఆ పొద్దున ఎప్పట్లాగే చీకట్లో బయలుదేరి ఉంటే సోలాపూర్ దాటాక వచ్చే మంగళవేఢె దాకా అదే సాక్సులో నడిచేవారు.

"అవసరమైతే ఆగుదాం" అనే మాట కాకాకు ఎలా పనికొస్తుంది? ఆయనకు అవసరమని ఆయనకే తెలియదు.

తెలిసీ అడగనివాళ్లు

తెలిసినవాళ్లు అడుగుతారా అంటే, వాళ్లూ అడగరు.

ఒకసారి షెడ్యూల్లో విశ్రాంతి రోజు లేకుండా వెళ్లాం. మహరాజ్ మనసున్న మనిషి, రోజూ రాత్రి భోజనాల దగ్గర "ఎవరికన్న ఇబ్బంది ఉందా? ఉంటే చెప్పుండ్రి, ఆగుదాం" అని అడిగేవారు. ఒక్క చెయ్యి లేచేది కాదు. ఉమర్గాలో పొద్దున లేచేసరికి ఇద్దరు లేరు. బస్సెక్కి హైదరాబాద్ వెళ్లిపోయారు. సాయంత్రం ఫోను చేసి, ఇంట్లో అర్జంటు పని పడిందన్నారు. ఒకామెకు తొడలు ఒరుసుకుపోయి నడవలేని స్థితి అని తర్వాత తెలిసింది. మగవాళ్ల మధ్య ఆ మాట ఏమని చెబుతుంది?

ఆడవాళ్లం ఆగుదామంటే "అందుకే చెప్పినం, మీతోని కాదని" అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఎవరూ పైకి అనకపోయినా ఉంటుంది. నెలసరి వచ్చినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? రోడ్డు పక్కన పొదలు వెతుక్కుంటూ రోజుకు పాతిక కిలోమీటర్లు. పెద్దవాళ్లకు ఇంకో భయం: ఈసారి ఆగమని అడిగితే వచ్చే ఏడు రావొద్దంటారేమోనని. కొత్తవాళ్లకు సిగ్గు. గట్టి మొక్కు ఉన్నవాళ్లకు, ఆగితే మొక్కు చెడుతుందేమోనన్న టెన్షన్. ఇన్ని కారణాలున్న చోట "ఎవరికన్నా ఇబ్బందుందా" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ "లేదు మహరాజ్" అనే. అందరూ ఆగే రోజైతే ఎవరికోసం ఆగామో ఎవరికీ తెలియదు. అడిగిన అప్పు ఎవరి మీదా ఉండదు.

వారీ వాళ్ల లెక్క

"అసలు నడక అంటే ఆగకుండా నడవడమే కద" అని మా తమ్ముడి మాట. విఠలుడి నడకకు, మహారాష్ట్రలో వారీ అనే ఈ యాత్రకు, మాత్రం ఆ మాట అతకదు. ఆళంది నుంచి బయలుదేరే సంత్ జ్ఞానేశ్వర మహరాజ్ పాల్కీ, అంటే ఆయన పాదుకలున్న పల్లకి, పుణెలో రెండు రాత్రులు ఉంటుంది. అక్కడి నుంచి దివే ఘాట్ ఎక్కి సాస్వడ్ చేరే రోజు మొత్తం దారిలోనే కష్టమైన మజిలీల్లో ఒకటి, ముప్పై కిలోమీటర్ల పైనే. అందుకని సాస్వడ్‌లో మళ్లీ రెండు రాత్రులు. జ్ఞానేశ్వరుడి తమ్ముడు సోపానదేవుడి సమాధి ఆ ఊళ్లోనే ఉంది. దేహూ నుంచి వచ్చే తుకారాం పాల్కీకి కూడా పుణెలో రెండు రాత్రుల మకాం.

జ్ఞానేశ్వర పాల్కీకి ఇప్పుడున్న పద్ధతి పెట్టింది 19వ శతాబ్దంలో హైబత్‌రావు బాబా అర్ఫళ్‌కర్. గ్వాలియర్ రాజులైన సింధియాల దగ్గర పనిచేసిన మనిషి. సైన్యం ఎలా కదులుతుందో తెలిసినవాడు కాబట్టే దిండీలకు, అంటే నడిచే భజన బృందాలకు, వరసలు, బూర ఊదితే సర్దుకోవడం, బూర ఊదితే కదలడం, అంతా కట్టుదిట్టంగా పెట్టాడు. సైన్యం తెలిసినవాడికి ఇంకోటి కూడా తెలుసు: ఎక్కడ ఆగాలో ముందే రాసి పెట్టకపోతే ఎక్కడ పడితే అక్కడ కూలబడతారు.

ఈ మాట పంపిస్తే మా తమ్ముడి జవాబు వెంటనే వచ్చింది, వాట్సాప్‌లో. "అది వేరే అక్కా. పుణెల ఆగేది కాళ్ల నొప్పులకు కాదు, ఊరి జనం దర్శనం కోసం." నిజమే. లక్షల మంది పాల్కీ దర్శనానికి వస్తారు, ఒక్క పూటలో అయ్యే పని కాదు. కానీ ఆ మకాంలో ఏం జరుగుతుందో చూడండి. పుణె వాళ్లు వీధుల్లో కుర్చీలు వేసి వార్కరీలకు, అంటే వారీ నడిచేవాళ్లకు, ఊరికే క్షవరాలు చేస్తారు. తెగిన చెప్పులు కుడతారు. పాదాలకు నూనె రాసి ఒత్తుతారు. డాక్టర్లు టేబుళ్లు వేసుకుని కూర్చుంటారు. కారణం ఏదైతేనేం, పాదం వెలుతురులో నలుగురి కంటా పడుతుంది. ఎవరూ అడగలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. కాచిగూడ, సుల్తాన్ బజార్ వైపు ఉన్నవాళ్లు రోజూ చూసేదే. జైన సాధువులు, సాధ్విలు ఏడాదంతా కాలినడకనే తిరుగుతారు, వానాకాలం నాలుగు నెలలు ఒకే చోట ఉంటారు. కాళ్లు నొప్పిపుట్టి కాదు. వానల్లో పుట్టే పురుగూ పుట్రా కాళ్ల కింద పడకూడదని. పాతికేళ్ల సాధువైనా, డెబ్బై ఏళ్ల సాధ్వి అయినా నియమం ఒకటే. నేను నడవగలను కదా, నాకెందుకు అని కుర్ర సాధువు అనడు.

ఇక ఆగడం ఎవరికి వారికి వదిలేస్తే ఏమవుతుందో మా పెద్దమ్మ మనవరాలు చెప్పింది. జర్మనీలో ఉద్యోగం, స్పెయిన్‌లో క్రైస్తవ యాత్రికులు చేసే శాంతియాగో నడక చేసొచ్చింది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి దాదాపు 780 కిలోమీటర్లు. అక్కడ యాత్రికుల కోసం ప్రభుత్వం, చర్చిలు నడిపే సత్రాల్లో మామూలుగా ఒక్క రాత్రే ఉండనిస్తారు, జబ్బు చేస్తే తప్ప. పొద్దున్నే ఖాళీ చేయాలి, వెనక వచ్చేవాళ్లకు మంచం కావాలి కదా. బుర్గోస్ అనే పాత ఊళ్లో, 1221లో కట్టడం మొదలుపెట్టిన పెద్ద చర్చి ఉన్న చోట, ఈ అమ్మాయి మోకాలు పట్టేసి ఒక రోజు ఆగింది. సత్రం వదిలి హోటల్లో గది తీసుకుంది. "డబ్బుంది కాబట్టి ఆగాను పిన్నీ. నాతో నడిచిన ఒకాయన దగ్గర లేవు, కుంటుకుంటూనే వెళ్లాడు" అంది. అన్ని రోజులు కలిసి నడిచినవాళ్లంతా ఒక రోజు ముందుకు వెళ్లిపోయారు. చివరిదాకా మళ్లీ కలవలేదు. ఒంటరిగా ఆగితే గుంపు పోతుంది. గుంపు పోతుందన్న భయంతోనే చాలామంది ఆగరు. మా మండలిలో ఆ ఇబ్బంది లేదు, అందరం కలిసే ఆగుతాం. ఉన్నదాన్ని చేతులారా పోగొట్టుకోవడం దేనికి?

ఆ ఊరే ఎందుకు

ఆగేదేదో ఉమర్గాలో ఆగొచ్చు కదా, ఖర్చు తక్కువ అన్నారు ఇంకొకరు. పెద్ద ఊళ్లో ఆగితే మనసు చెదురుతుందట. సినిమా హాళ్లు, బజార్లు, అన్నిటికంటే ముఖ్యంగా రైల్వే స్టేషన్. రాత్రి రైలెక్కితే పొద్దున్నే హైదరాబాద్. ఒకరిద్దరు అక్కడి నుంచి తిరిగి వచ్చేసిన మాట నిజమే. నాకది నష్టంగా అనిపించదు. వెనక్కి తిరగాల్సినవాళ్లు డాక్టరు, రైలు ఉన్న చోట తిరగడమే మంచిది. మంగళవేఢె దారిలో అర్ధరాత్రి కాదు.

బజారు సంగతి మాత్రం కొట్టిపారేయలేను. సోలాపూర్ టవళ్లు, దుప్పట్లు అనేసరికి మా వాళ్లకు పూనకం వస్తుంది. ఒక ఏడు విశ్రాంతి రోజున బజారులో తిరిగి తిరిగి మామూలు రోజు కంటే అలసిపోయి వచ్చినవాళ్లున్నారు. వ్యానులో బియ్యం బస్తాల మీద చద్దర్ల మూటలు. డ్రైవరు తిట్టని తిట్టు లేదు.

అయినా ఆ ఊరే కావాలంటాను. నల్‌దుర్గ్ దాకా మనది ఒకప్పటి నిజాం రాజ్యం. సోలాపూర్ బొంబాయి ప్రెసిడెన్సీ. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ మీదికి బయలుదేరింది ఈ సోలాపూర్ నుంచే, ఈ రోడ్డు మీదే. తొలిరోజే నల్‌దుర్గ్ తీసుకున్నారు, 17న నిజాం లొంగిపోయాడు. మా తాత ఆ రోజుల కథలు చెబుతుంటే సోలాపూర్ అంటే ఏదో దూరదేశం అనుకునేదాన్ని. ఆ రోడ్డును ఎదురు దిక్కుగా పాదాలతో కొలిచాక ఊరు చూడకుండా, బైపాస్ పక్కన పడుకుని, తెల్లారి లేచి పోవడం నాకు మర్యాదగా తోచదు.

పైగా అక్కడ మనవాళ్లున్నారు. ఊరి తూర్పు పేటల్లోకి వెళ్తే వినపడేది తెలుగే. తరాల కిందట తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువుకు వెళ్లిన పద్మశాలీలు. మగ్గాలు, తర్వాత మిల్లులు, తర్వాత పవర్‌లూములు. మార్కండేయుడి గుడి, శ్రావణ పున్నమికి ఊరేగింపు. 1930 మేలో గాంధీ అరెస్టు వార్త విని మిల్లు కార్మికులు వీధుల్లోకి వచ్చిన ఊరిది. మార్షల్ లా పెట్టారు. మరుసటి ఏడాది జనవరి 12న నలుగురిని ఎరవాడ జైల్లో ఉరి తీశారు: మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, కిసన్ సారడా, కుర్బాన్ హుసేన్. ఆ నలుగురి విగ్రహాలున్న కూడలి దగ్గర మా దిండీ ఒక అభంగం, విఠలుడి పాట, పాడుకుని కదులుతుంది. ఎవరు పెట్టిన ఆచారమో నాకు తెలియదు, నాకు మాత్రం ఇష్టం.

సిద్ధేశ్వరుడి గుడి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం తప్పు. సిద్ధేశ్వరుడంటే ఈ ఊరివాడైన 12వ శతాబ్దపు శివశరణుడు సిద్ధరాముడు. చిన్నప్పుడు పశువులు కాస్తుంటే ఒక జంగమయ్య వచ్చి, నేను శ్రీశైలం మల్లయ్యను, ఆకలిగా ఉందన్నాడట. పిల్లాడు ఇంటికెళ్లి పెరుగన్నం తెచ్చేసరికి అయ్య లేడు. వెతుక్కుంటూ యాత్రికుల వెంట శ్రీశైలం దాకా పోయాడు. అక్కడ మల్లయ్య కనిపించి, నీ ఊరికి వెళ్లి అక్కడే పని చేయమన్నాడని కథ. తిరిగొచ్చి గుళ్లు కట్టించాడు, చెరువు తవ్వించాడు. ఇప్పుడు ఆ చెరువు మధ్యలోనే గుడి. మన హైదరాబాద్ నుంచి అటు నడిచేవాళ్లం, ఆ ఊరి నుంచి ఇటు నడిచి వచ్చినవాడి చెరువు గట్టు మీద ఒక పూట కూర్చోవడానికి లీవు లెక్క చూస్తామా?

ఆ తూర్పు పేటలోనే ఒకసారి మంచినీళ్లకని ఒక గడప ముందు ఆగాం. డెబ్బై ఏళ్ల అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కత్తిరించిన తునికాకు, చిటికెడు పొగాకు, వేళ్ల మధ్య ఒక్క దొర్లింపు, చివర గోటితో నొక్కి మడవడం, దారం రెండు చుట్లు. మా వైపు చూస్తూనే చేస్తోంది, చేతుల మీద చూపు లేనే లేదు. వెయ్యికి ఇంతని కూలి. "ఏ ఊరు మీది? హైద్రాబాదా?" అని అడిగి, లోపలి నుంచి కడక్ భాకరీ, పల్లికారం తెప్పించింది. అప్పడంలా పెళపెళలాడే జొన్న రొట్టె అది, నెలలు నిలవుంటుంది, నడిచేవాళ్లకు అంతకంటే మంచి తిండి లేదు. "ఇయ్యాల నడుస్తలేరా మరి?" అంది. విశ్రాంతి అమ్మా అన్నాం. "మంచిగుంది మీ పని" అని నవ్వింది. చేతులు ఆగలేదు.

ఆ నవ్వు వెటకారమో కాదో నేను తేల్చుకోలేదు. ఆగే రోజు అనేది అందరికీ దొరికేది కాదు. దొరికినవాళ్లం దాన్ని లీవు లెక్కలో పారేసుకోవడం ఆమె ముందు ఇంకా నామోషీగా తోస్తుంది నాకు.

కూలి పోయే రోజు

దీంతోనే అసలు చిక్కు మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ తమ్ముడి లీవు గురించి నాకు పెద్ద బెంగ లేదు. మాలో సెంట్రింగ్ పని చేసే ఇంకో తమ్ముడున్నాడు. అతనికి లీవు ఉండదు, కూలి పోవడమే ఉంటుంది. సోలాపూర్‌లో ఆగిన రోజు అతని ఇంట్లో ఒక రోజు సంపాదన లేదు. నేను అడగలేనివాళ్ల గురించి ఇంత రాశాను కదా, "ఆగొద్దు" అని అడగలేనివాడు ఇతను. మీటింగులో తల ఊపినవాళ్లలో ఇతనూ ఉన్నాడు, నేను చూశాను. జీతాలొచ్చేవాళ్లం తలా కొంత వేసుకుని ఆ కూలి ఇద్దామని ఒకసారి అన్నాను. "మొక్కు నాది. నీ పైసలతోని తీరితే అది నీ మొక్కు అయితదక్కా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రోజుకు రెండు మూడు కిలోమీటర్లు పెంచి ఆ రోజు సంపాదించుకుందామన్న ఆలోచన కూడా వచ్చింది. అది కాకాల మీద భారం వేసి కూలి తమ్ముళ్లకు మేలు చేయడం. వద్దు. కాచిగూడ నుంచి పటాన్‌చెరు దాకా బస్సులో వెళ్దామని ఒకరన్నారు. ఊళ్లో నడక ఎంత చిరాకైనా, మన గుడి గడప దగ్గర మొదలుపెట్టిన అడుగు అది, మహరాజ్ ఒప్పుకోరు, నిజానికి నేనూ ఒప్పుకోను.

నాకు తోచింది ఒకటే. ఏకాదశి దర్శనం అయ్యాక మేం పండరిలో త్రయోదశి దాకా ఉంటున్నాం. ద్వాదశి పారణ అవుతూనే బయలుదేరి వచ్చేస్తే ఒక రోజు దొరుకుతుంది. ఆ రోజున పండరిలో మనం చేసేది తులసిమాలలు, కుంకుమ, పేలాలు కొనడం. ఊరి నిండా జనం, పడుకోవడానికి చోటుండదు, అదేం విశ్రాంతి? అక్కడ కోసేస్తే సెంట్రింగ్ తమ్ముడికి ఒక కూలి మిగులుతుంది, సోలాపూర్ మకాం అలాగే ఉంటుంది. పండరిలో ఇంకో రోజు ఉండాలని ఉన్నవాళ్లు ఉండొచ్చు, రైళ్లున్నాయి, బస్సులున్నాయి. దీనికి వ్యతిరేకత రాదని కాదు. వస్తుంది. పండరి చేరాక ఒక రోజు ఎక్కువ ఉండటం పుణ్యమనేవాళ్లు మాలో చాలామంది.

ఇంకో సంగతి కూడా సర్దాలి. మేం ఆగిన రోజున మా వంటక్కకు మామూలు కంటే ఎక్కువ పని. నడిచే రోజుల్లో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి కిచిడీ అంటే ఎవరూ మాట్లాడరు. ఖాళీగా కూర్చున్న రోజు అందరికీ నోరు లేస్తుంది. మిర్చి బజ్జీ అంటారొకరు, మూడోసారి చాయ్ అంటారొకరు. నలభై మందికి పూరీలు చేయమన్నదీ సోలాపూర్‌లోనే. డ్రైవరన్నా కనీసం వ్యాను కింద చాప వేసుకుని నిద్రపోతాడు. ఆమెకు అదీ లేదు. కాకా కాలు చూసుకోవడానికి రోజు కావాలని వాదించే మనం, పొయ్యి ముందు నిలబడే ఆమె కాళ్లు ఎప్పుడన్నా చూశామా?

కాబట్టి నా ప్రతిపాదనలో రెండో ముక్క: సోలాపూర్ రోజున పొయ్యి వెలిగించొద్దు. తూర్పు పేటలో మన తెలుగువాళ్ల మెస్సులున్నాయి, రెండు పూటలా అక్కడే తిందాం. ఖర్చు కొంచెం ఎక్కువే. చద్దర్ల మీద పెట్టేదాంట్లో పావు వంతు కూడా కాదు.

ఇది మహరాజ్‌కు చెప్పేముందు నిన్న వంటక్కకు ఫోను చేశాను. సంతోషిస్తుందనుకున్నాను. "చెప్పకుండ పోతె నలభై మందికి ఏ మెస్సోడు పెడతడు? రెండు రోజుల ముందే నల్‌దుర్గ్ కాడికెళ్లి ఫోన్ చెయ్యాలె" అంది. నంబరెక్కడ దొరుకుతుందక్కా అంటే, "నా కాడుంది. పోయినేడే తీసుకున్న" అంది.